తాళాలాయన ఇంటి తాళం

తలుపు తీసే ఉంది!

మధ్యాహ్నం లాండ్రీ పని మధ్యలో ఇంటికొచ్చిన బుల్లెమ్మ గుమ్మం ముందే కొయ్యబారిపోయింది. పొద్దున ఏడున్నరకి తన చేత్తో రెండుసార్లు తిప్పి, లాగి చూసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగి చూసుకుని మరీ వేసిన తాళం! తాళంచెవి మెళ్ళో దారానికి వేలాడుతూ ఇంకా గుండెల మీద గుచ్చుకుంటూనే ఉంది. తలుపు మాత్రం బార్లా తెరుచుకుని గాలికి కిర్రు కిర్రుమంటోంది. "ఏమండీ!" అని పిలిచింది. ఇల్లు పలకలేదు. "ఏమండీ... ఉన్నారా?" తన గొంతు తనకే పరాయిగా వినబడింది.

గడప దగ్గర ఏదో మెరిస్తే వంగి తీసింది. తన తలపిన్ను! కొన్నాళ్ళుగా ఒక్కొక్కటే మాయమవుతుంటే, లాండ్రీలో ఆవిరికి జుట్టు జారి ఎక్కడో రాలిపోతున్నాయనుకుంది. ఈ పిన్ను చివర కొక్కెంలా వంచి ఉంది. అప్పుడు వెలిగింది పిచ్చిదానికి! ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు బిగించినవాడు, చెవి పారేసుకుని ఎవరు లబోదిబోమంటూ వచ్చినా నిమిషంలో తలుపు తీసిచ్చినవాడు, అసలు పేరు మరిచిపోయి అందరూ 'తాళాలాయన' అని పిలుచుకునే మనిషి... అలాంటి మొగుణ్ణి, తలుపు చెక్కలో ఆయనే బిగించిన, రెండు వైపులా తిరిగే తాళం వేసి పద్దెనిమిది రోజులుగా ఇంట్లో కూర్చోబెట్టింది! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కాదూ! పనిముట్ల పెట్టె ఆడపడుచు ఇంటికి పంపించేశాం కదా, ఇంక దేంతో తీస్తాడులే అనుకుంది. తన తలలోని పిన్నుల సంగతే తోచలేదు.

లోపలికి పరుగెత్తింది. బీరువాలో బట్టలన్నీ నేలమీద కుప్పగా ఉన్నాయి. వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి. పరుపు తిరగేసి ఉంది, గోడకుండే అద్దం మంచం మీద బోర్లా పడి ఉంది. సీసా! సీసా కోసం వెతికాడు! ఎప్పుడో తానే దాచుకుని మరిచిపోయిన సీసా ఏదైనా ఉందేమోనని ఇల్లంతా తోడేశాడు! దొరికిందా? దొరక్కే వీధిన పడ్డాడా? బుల్లెమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన తాగుడు పదేళ్ళ నాటిది. ఆ పదేళ్ళ కథ మొదలుపెడితే ఇప్పట్లో తెమలదు, వదిలేద్దాం. నెల కిందట తన తాళాల కొట్లోనే నెత్తురు కక్కుకుని పడిపోతే ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంచి పంపారు. "ఒంట్లో మందు దిగిపోయిందమ్మా. ఇంకొక్కసారి పడిందా, మా దగ్గరికి తీసుకొచ్చినా మేం చెయ్యగలిగింది ఉండదు" అన్నాడు డాక్టరు. అక్కడి నర్సు మాత్రం ఆమె చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఇంట్లో ఊరికే కూర్చోబెట్టకండి. అసలు కష్టం ఇప్పుడే మొదలు. ఇక్కడ తాగుడు మాన్పించే పగటి కేంద్రం ఒకటుంది. పొద్దున తొమ్మిదికి వెళ్ళాలి, సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చేయాలి. ఆరు వారాలు. మందులిస్తారు, పరీక్ష చేస్తారు, నలుగుర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు" అంది. రోజూ ఇంటికొచ్చేయడమా! రోజూ వీధిలో ఒక్కడే నడవడమా! ఆ కేంద్రానికీ తమ ఇంటికీ మధ్య మూడు మందుకొట్లున్నాయి. వెళ్ళేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు మూడు. రోజుకి ఆరుసార్లు మొగుణ్ణి చావు ముందు నడిపించమంటోంది ఈ మహాతల్లి, అనుకుంది బుల్లెమ్మ. ఆ కాగితం సంగతి ఆయనతో అననే లేదు. అద్దం వెనక దోపేసి తాళం వేయడం మొదలుపెట్టింది. పొద్దున వేయడం, మధ్యాహ్నం లాండ్రీ నుంచి పరుగున వచ్చి అన్నం పెట్టడం, మళ్ళీ వేయడం. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనం చూసి మంచే జరుగుతోందని మురిసిపోయింది!

వీధిలోకి పరుగెత్తింది. మొదటి కొట్టువాడు తల అడ్డంగా ఊపాడు. రెండోవాడు రాలేదన్నాడు. మూడోవాడు ఆమెను చూడగానే చూపు తిప్పుకున్నాడు.

"చెప్పు బాబూ, నీకు పుణ్యముంటుంది! వచ్చాడా?"

"వచ్చాడమ్మా. అదిగో, ఆ స్తంభం దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు. పలకరిస్తే పలకలేదు. చేతులు మాత్రం ఒకటే వణుకు."

"కొన్నాడా?"

"ఇక్కడ జనం ఎక్కువగా ఉన్నారమ్మా... మావాడు ఇచ్చాడేమో నాకు తెలీదు. తర్వాత చూస్తే లేడు."

తెలీదట! ఒక మనిషి బతికాడో చచ్చాడో తేలే మాట అది, తెలీదట! బుల్లెమ్మ ఆ స్తంభాన్నే పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే ఫోను మోగింది. ఆడపడుచు. తాళాలాయనకి అక్క, తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఈ గొడవ సద్దుమణిగేదాకా వీళ్ళ కూతుర్ని తన దగ్గరే ఉంచుకుని బడికి పంపిస్తోంది.

"వదినా... ఆయన లేరు వదినా! తాళం తీసేసి వెళ్ళిపోయారు!" అంటూ భోరుమంది బుల్లెమ్మ.

"చెప్పానా! కుక్క తోక వంకరని చెప్పానా! నీ తాళం, నీ బొంద! తాగుబోతుల్ని గేటుకి తాళమేసి ఉంచే ఆ సెంటరువాళ్ళకి ఇప్పుడే ఫోను చేస్తాను. వ్యానులో నలుగురొస్తారు, ఎక్కడున్నా ఎత్తుకెళ్ళి ఆర్నెల్లు లోపల పడేస్తారు. కాళ్ళూ చేతులూ కట్టేస్తారంటున్నారు, కట్టెయ్యనీ! బతికుంటే చాలు! నువ్వు సంతకం పెడితే సరి. పెడతావా లేదా?"

కాళ్ళూ చేతులూ కట్టేస్తారా! ఆ వేళ్ళనా? చీకట్లో కూడా తాళం కంతని తడిమి లోపలి గుట్టు చెప్పేసే ఆ వేళ్ళనా? వద్దనబోయింది బుల్లెమ్మ. కానీ కళ్ళ ముందు నెత్తురు మరకలు కదిలాయి. "సరే వదినా... పెడతాను" అనేసింది.

ఫోను పెట్టీ పెట్టకముందే మళ్ళీ మోగింది. తెలియని నంబరు.

"తాళాలు బాగుచేసే ఆయన భార్యేనా అమ్మా? మీరొకసారి వెంటనే రావాలి."

అయిపోయింది! ఎవరు, ఎక్కడ, ఏమైంది... ఒక్కటీ అడగలేకపోయింది. అవతలామె చెప్పిన అడ్రసు చెవుల్లో పడింది గానీ బుర్రకెక్కలేదు. కాళ్ళే నడిచాయి. దారి పొడవునా ఒకటే మాట: నేనే చంపుకున్నాను, నేనే చంపుకున్నాను...

ఆ కాళ్ళు ఆగిన చోటు ఒకప్పుడు బట్టల గోదాము. ఇప్పుడు లోపల గుండ్రంగా వేసిన కుర్చీలు, నీళ్ళ డ్రమ్ము, గోడకి పెద్ద గడియారం ఉన్నాయి. గేటు గాలికి మూసుకోకుండా ఎవరో రాయి అడ్డం పెట్టారు. వరండాలో బెంచీ మీద, రెండు చేతులూ తొడల కింద అదిమి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు తాళాలాయన. బతికే ఉన్నాడు!

బుల్లెమ్మ వెళ్ళి ఆయన భుజాలు పట్టుకుని, అందరూ చూస్తుండగానే ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. పదేళ్ళ అలవాటు, సిగ్గు ఎప్పుడో చచ్చిపోయింది. టీ వాసన. ఒట్టి టీ వాసన! ఇంకోసారి చూసింది. అదే.

"తాగలేదే" అన్నాడాయన, తల దించుకుని.

"మరెందుకు తీశారు తాళం? నన్ను చంపుదామనా?" అంటూ ఆయన గుండెల మీద గుద్దింది. గుద్దుతూనే అక్కడే తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

"రోజూ తీస్తూనే ఉన్నానే..."

ఆమె తలెత్తి చూసింది.

"మొదటిరోజే తీశాను. నీ పిన్ను పెడితే చిటికెలో వచ్చింది. తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. మళ్ళీ అదే పిన్నుతో లోపల్నుంచి వేసేసుకుని కూర్చున్నాను. రెండోరోజూ అంతే. పద్దెనిమిది రోజులూ తీయడం, వేయడం... అదే నా పని. ఇవాళ తీశాను గానీ వేయలేకపోయానే! చెయ్యి నిలవలేదు. పిన్ను కింద పడిపోయింది. సీసా కోసం ఇల్లంతా వెతికాను. ఎక్కడో ఒకటి దాచే ఉంటాననుకున్నాను. అద్దం వెనక..." జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "సీసా దొరకలేదు. ఇది దొరికింది."

అది ఆస్పత్రి నర్సు ఇచ్చిన కాగితం. తన చేత్తో తానే దాచేసిన కాగితం! బుల్లెమ్మకి భూమిలోకి కుంగిపోయినట్టయింది. పద్దెనిమిది రోజులు ఈ మనిషి ఆ తలుపు వెనక ఒంటరిగా కొట్టుకుంటుంటే, సాయం చేసేవాళ్ళ అడ్రసును అద్దం వెనక దోపి పెట్టుకుంది తను!

"నేనే దాచానండీ... ఈ కొట్ల ముందు నుంచి ఎలా పంపనూ అని... భయమేసి..."

"నాకూ భయమేసిందే. మూడో కొట్టు దగ్గర కాళ్ళు కదల్లేదు. ఈ కాగితంలో ఉన్న ఇక్కడి అడ్రసు చదువుకుంటూ, చదువుకుంటూ వచ్చేశాను."

ఫోను చేసిన, ఆ కేంద్రం నర్సు నీళ్ళు తెచ్చిచ్చింది. ఆరు వారాలూ ఏమేం చేస్తారో విడమరిచి చెప్పింది. రాగానే ఊపిరి పరీక్ష, తర్వాత మందులు, మాటలు, మధ్యాహ్నం ఏదైనా పని, వారానికోసారి ఇంటివాళ్ళు కూడా వచ్చి కూర్చోవాలి. బుల్లెమ్మ అన్నీ విని, "గేటు మూయరా?" అని అడిగింది.

"మూస్తే ఈయన తీయలేడంటారా?" అని నవ్వింది నర్సు. అంత ఏడుపులోనూ తాళాలాయన పెదవి చివర కదిలింది. "లోపల పెడితే ఎవరూ తాగరమ్మా. బయటికొచ్చిన రోజు సంగతేమిటి? ఇక్కడ రోజూ సాయంత్రం బయటికి పంపుతాం. పొద్దున వచ్చాక ఎలా గడిచిందో అడుగుతాం. అదే వైద్యం. తప్పటడుగు పడదని నేను మాటివ్వలేను. పడితే దాచకుండా ఇక్కడికే రావాలి."

"నాకు భయంగా ఉందమ్మా."

"ఉంటుంది. నాకూ ఉంటుంది."

ఆ ఒక్క మాటకే బుల్లెమ్మకి కాస్త ఊపిరాడింది. కేంద్రం వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టి, ఆడపడుచుకి ఫోను చేసింది. "వ్యాను వద్దు వదినా. ఆయనంతట ఆయనే వెళ్ళారు వైద్యానికి" అంది. అవతల ముక్కు చీదిన చప్పుడు. "వెధవ... పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నాడా?" అంది ఆ పెద్ద నోరు, చిన్నగా.

మర్నాడు పొద్దున తాళంచెవి దారాన్ని మెళ్ళోంచి తీసి మేకుకి తగిలించింది. మూడు కొట్లూ దాటేదాకా ఆయన పక్కనే నడిచి, కేంద్రం కనబడే మలుపులో ఆగిపోయింది. సాయంత్రం మాత్రం ఆయన ఒంటరిగానే రావాలి. అలా అని ఆయనే అన్నాడు. లాండ్రీలో బతిమాలుకుని మూడున్నరకే ఇంటికొచ్చింది బుల్లెమ్మ. తలుపు దగ్గరగా వేసి, దానికెదురుగా పీట వేసుక్కూర్చుంది. నాలుగయింది. నడిస్తే ఇరవై నిమిషాలు. నాలుగూ ఇరవై అయింది. నాలుగున్నర... మొదటి కొట్టు దాటాడా? స్తంభం దగ్గర ఆగిపోయాడా? లేచి వెళ్దామనుకుంది. వద్దనుకుంది. పీట కోళ్ళని గట్టిగా పట్టుకుంది. నాలుగూ ముప్పై అయిదు...

టక్, టక్.

తలుపుకి తాళం లేదు. గడియ కూడా లేదు. ఊరందరి తలుపులూ తీసిన మనిషి తన ఇంటి తలుపు తట్టి, బయట నిలబడ్డాడు.

వెళ్ళి తీసింది. ఆయనకి చెమటలు కారుతున్నాయి. మొహం పాలిపోయి ఉంది. ఏమీ అడగకముందే వంగి, పిల్లాడిలా "ఆ..." అని నోరు తెరిచాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టి చూసింది. మందుబిళ్ళ చేదు వాసన, అంతే.

"ఆలస్యమైందేం?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

"అటు పక్క సందులోంచి చుట్టు తిరిగొచ్చాను. రేపు కూడా అటే వస్తాను. అరగంట చూసుకో, కంగారుపడకు" అన్నాడు. జేబులో చెయ్యి పెట్టి, ఆమె అరచేతిలో పోశాడు. ఆరు తలపిన్నులు. "మధ్యాహ్నం పని చెయ్యమంటే పటకారు అడిగి తీసుకున్నానే. వంకర తీశాను. పూర్తిగా పోలేదు గానీ... నిలుస్తాయి."

బుల్లెమ్మ గడప మీద దొరికిన ఏడోది కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది రేపు చెయ్యండి" అంది.