ఇవ్వనన్న కళ్ళజోడు

"మీకు కళ్ళజోడు అక్కర్లేదండీ," అన్నాడు షాపతను.

ఆమెకు ఒళ్ళు మండింది. "అక్షరాలు అలుక్కుపోతున్నాయి మొర్రో అంటుంటే!"

"ఇందాక చిట్టచివరి వరస కూడా గడగడా చదివేశారు. చూపు భేషుగ్గా ఉంది. అలిసిపోయారంతే. సెలవు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"మీరు అమ్మేది అద్దాలా, సలహాలా?"

"అద్దాలే. మీకు మాత్రం ఇవ్వను."

ఆమె గొడుగు విసురుగా లాక్కుని వానలోకి దిగిపోయింది. చేతికొచ్చిన బేరాన్ని ఇలా తరిమేసే మనిషిని ఎక్కడా చూడలేదు!

ఆమె ఆర్కిటెక్ట్. ఇళ్ళ ప్లాన్లు గీయడమంటే ప్రాణం. అలాంటిది నాలుగు నెలలుగా పెన్సిల్ పట్టుకోవాలంటేనే విసుగొస్తోంది. అమ్మ పలకరిస్తే కసురుతోంది. బద్ధకం పెరిగిందని తనను తానే తిట్టుకుని, ఆదివారాలు కూడా ఆఫీసులోనే కూర్చుంటోంది.

మర్నాడు ఆమె గీసిన ఇంటికి మెట్లున్నాయి గానీ తలుపు లేదు. పక్క సీటు అమ్మాయి చూసి ఫక్కున నవ్వింది. ఆమె మాత్రం బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ చిన్న తప్పుకి ఇంత ఏడుపా? అప్పుడు తెలిసొచ్చింది, తను ఎంతగా అరిగిపోయిందో.

ముఖం కడుక్కుని వచ్చేసరికి బాసు ఎదురయ్యాడు. "ఈ ఆదివారం కూడా రావాలమ్మా. మనమంతా ఒకే ఫ్యామిలీ కదా!"

"మా ఫ్యామిలీలో ఒంట్లో బాగోకపోతే పడుకోమంటారు సర్. రేపట్నుంచి నెల రోజులు సెలవు."

"నెలా! ప్రాజెక్ట్ ఏమైపోవాలి?"

"నేనేమైపోవాలి సర్? తిరిగొచ్చాక కూడా ఆరింటికల్లా లేచి వెళ్ళిపోతాను. కుదరదంటే చెప్పండి, రాజీనామా ఇప్పుడే రాసిస్తాను."

బాసు సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు.

మొదట్లో నిద్రే నిద్ర. డాక్టరు కూడా అదే మందన్నాడు. మూడో వారంలో ఒకరోజు, ఎవరూ అడక్కుండానే ఓ కిటికీ బొమ్మ గీసింది. గీస్తుంటే హాయిగా ఉంది. చెప్పులేసుకుని తిన్నగా షాపుకి వెళ్ళింది.

"కొనడానికి రాలేదు," అంది గుమ్మంలోనే. "నాకెవరూ చెప్పని మాట మీరెలా చెప్పగలిగారో అడుగుదామని."

ఆమెను చూసి విచ్చుకున్న అతని నవ్వు కాస్త తగ్గింది. "ఇదివరకటి ఉద్యోగంలో నేనూ ఇలాగే కుప్పకూలాను. నన్ను ఆపినవాళ్ళు లేరు. మిమ్మల్ని చూస్తే ఊరుకోలేకపోయాను." తల గోక్కున్నాడు. "మీరు వెళ్ళాక రోజూ వీధి వైపే చూస్తున్నాను."

"మరి రేపు నాతో అలా నడవడానికొస్తారా?"

"రేపెందుకు, ఇప్పుడే వస్తాడు!" కౌంటర్ వెనక నుంచి అతని తల్లి లేచింది. "మూడు వారాలుగా వీడి నిట్టూర్పులు వినలేక చస్తున్నాను. తీసుకెళ్ళు తల్లీ, షాపు నేను చూసుకుంటాను."

మెట్లు దిగుతుండగా ఆమె ఫోన్ మోగింది. బాసు. తెర మీద ఆ మాట చదివి, పక్కనున్న అతను ఆమె ముఖంలోకి కంగారుగా చూశాడు.

"మోగనివ్వు. నువ్వు రా," అంది.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించలేదు. అతను గమనించాడు.