నిప్పు చూసిన చెయ్యి

పొద్దున ఏడు గంటలు కాకముందే నెలిదా తన పెట్టె మళ్ళీ విప్పింది. నిన్న కొన్న శాలువా ఎర్రదా, ఇటుక రంగుదా అన్న వాదన రాత్రి తేలకుండానే నిద్రపోయారు. ఇప్పుడు వెలుతుర్లో చూడాలట.

"ఎర్రదే," అంది ఒతీలియా, బస చేసిన అద్దె ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అద్దాన్ని ఆక్రమించుకుని జుట్టు దువ్వుకుంటూ. "నీకు అన్నీ ఇటుకల్లాగే కనిపిస్తాయి. తాపీమేస్త్రీ పెళ్ళానివి మరి."

"మా ఆయన జోలికి రాకు. ఆ టోపీ పెట్టుకుని బయటికెళ్ళావంటే కొండల్లో మేసే లామాలు చుట్టరికం కలుపుకుంటాయి నీతో."

హిమేనా నవ్వుకుంటూ టీలా తాగే మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి పెద్దవాళ్ళకు ఒకరి తరవాత ఒకరికి అందించింది. రొసారియో నుంచి కొండల నడుమ ఈ కఫాయతే ఊరి దాకా రెండు రోజులు కారు నడిపి వీళ్ళను తీసుకొచ్చింది ఆమే. పెద్దవాళ్ళు ముగ్గురిదీ ఒకే వీధి, ఏళ్ళనాటి స్నేహం. మూడో ఆవిడ, ఈ గోలంతా వింటూ కిటికీ దగ్గర కూర్చుని తీరిగ్గా మాతే పీలుస్తున్న సులేమా, హిమేనా తల్లి.

హిమేనా ఊరికే రాలేదు. తండ్రి ఎవారిస్తో బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం పెరట్లో నిప్పులు రాజేసి మాంసం కాల్చేవాడు. కొడుకూ కూతురూ మనవలూ సాయంత్రం దాకా అక్కడే. ఆయన పోయాక సులేమా ఆ పొయ్యి మీద పట్టా కప్పేసింది. మా ఆయన కాలుస్తాడమ్మా, ఆదివారాలు మళ్ళీ మొదలెడదాం అని హిమేనా ఎన్నిసార్లు బతిమాలినా వద్దంటే వద్దంది. ఏడాది తిరిగేసరికి తమ్ముడు రమీరో రావడం మానేశాడు. ఫోను కూడా పండగలకే. ఇల్లు ఇలా ముక్కలైపోతుంటే చూడలేక, ఈ ప్రయాణంలో ఎలాగైనా అమ్మ చేత సరేననిపించాలని హిమేనా సెలవు పెట్టి వచ్చింది. ఇప్పటిదాకా అమ్మ ఒంటరిగా దొరికితే ఒట్టు.

పొద్దున్నే సంతకెళ్ళారు. మేక జున్ను అమ్మే ఆవిడతో ఒతీలియా బేరమాడి, ఆవిడ ఊరిదే తన మేనత్త అత్తారి ఊరని తేలేసరికి బేరం మర్చిపోయి అడిగినదానికన్నా ఎక్కువిచ్చి వచ్చింది. మాంసం కొట్టు దగ్గర సులేమా వేలితో నొక్కి చూసి, "అది కాదు బాబూ, దాని వెనకది," అంది. పక్కటెముకల ముక్క, మూడు చుట్ల సాసేజీలు కట్టించుకున్నారు.

అక్కణ్ణుంచి ఎర్రరాళ్ళ లోయ. గుండ్రంగా గోడ కట్టినట్టున్న కొండ మధ్య నిలబడి ఒతీలియా పాడితే గొంతు నాలుగు వైపుల నుంచీ తిరిగొచ్చింది. అక్కడున్న వాళ్ళెవరో గిటారు అందుకున్నారు. నెలిదా ఇటుక రంగు శాలువా విసురుతూ ఆడింది. సులేమా కూతురి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తీసుకురాకపోతే ఇవన్నీ చూసేదాన్నా తల్లీ. చాలా సంతోషంగా ఉందే నాకు."

ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు హిమేనాకు. అడుగుదామనుకున్నది అడగలేకపోయింది. తిరిగొచ్చేటప్పుడు అందరూ ద్రాక్షసారా ఐస్‌క్రీము తిన్నారు.

అద్దె ఇంటికి చేరేసరికి ఆకళ్ళు దంచేస్తున్నాయి. పెరట్లో పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. "ఎవరు వెలిగిస్తారే?" అని ఒతీలియా అడిగింది. మగవాళ్ళెవరూ లేరన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు అందరూ మొహాలు చూసుకున్నారు.

"తప్పుకోండి," అంది సులేమా.

కట్టెలు పేర్చింది, రాజేసింది. మంట దిగి నిప్పులయ్యాక వాటిని పల్చగా పరిచి, ఇనప ఊచల మీద అరచెయ్యి చాపి కాసేపు అలాగే ఉంచింది. చెయ్యి వెనక్కి తీసుకుని కొన్ని నిప్పులు పక్కకు లాగింది. ఎముకల వైపు కిందికి పెట్టి మాంసం పరిచింది. తడుముకోలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. చూస్తున్నకొద్దీ హిమేనాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు కాల్చడం వచ్చా?"

"మా నాన్న పశువుల కాపర్లకి కాల్చిపెట్టేవాడు. చిన్నప్పట్నుంచీ నిప్పు చూసే పని నాదే."

"మరి ఏడాదిగా మమ్మల్నెందుకు ఏడిపించావమ్మా? తమ్ముడు ఇంటికి రావడమే మానేశాడు. స్నేహితురాళ్ళ కోసమైతే చేతులాడాయా నీకు? మేమేం పాపం చేశాం?"

నెలిదా ఆకుకూరల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒతీలియా కూడా ఆమె వెనకే నడిచింది.

"మీ ఆయన కాలిస్తే మాడుతుంది," అంది సులేమా నిప్పుల వైపే చూస్తూ. "మాడుతుంటే నేను ఊరుకోలేను, చెయ్యి పెడతాను. నేను చెయ్యి పెడితే అదే రుచి వస్తుంది. మీకు తెలిసిపోతుంది."

"ఏం తెలిసిపోతుంది?"

"మీ నాన్నకి కాల్చడం రాదని."

హిమేనా పొయ్యి పక్కకు వచ్చి నిలబడింది.

"అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. మీ నాన్న పనిచేసే వర్క్‌షాపు మూసేశారు. మనిషి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు, అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఓ ఆదివారం చుట్టాలొచ్చారు. నువ్వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడు, ఎలా కాల్చాలో నేను చెప్తా అని ఆయనతో అన్నాను. తిన్నాక ఎవరో కాల్చినవాళ్ళకి చప్పట్లన్నారు, ఏ ఇంట్లోనైనా అనేదే కదా. అందరూ కొట్టారు. అప్పుడు మీ నాన్న మొహం చూశానే. మళ్ళీ మనిషయ్యాడు. ప్రతి ఆదివారం ఆ మొహం చూడాలనిపించింది నాకు."

"కానీ నువ్వు వంటింట్లోనే ఉండేదానివి. ఊరికే రొట్టె తేవడానికి..." అంటూనే హిమేనా ఆగిపోయింది.

రొట్టె ఒకసారి, నిమ్మకాయలు ఒకసారి, తువ్వాళ్ళు ఒకసారి. అమ్మ అన్నీ ఒకేసారి తేలేదని ఇల్లంతా వేళాకోళం చేసేది. రమీరో అయితే ఆమె నడకను అనుకరించి అందర్నీ నవ్వించేవాడు.

"రొట్టె తెస్తే మాంసం తిప్పమని గుర్తు. నిమ్మకాయలైతే నిప్పు తగ్గించమని. ఉత్తచేతులతో వస్తే ఇక దించేయమని," అంది సులేమా.

"నీకు మతిమరుపని నవ్వేవాళ్ళం కదమ్మా."

"నవ్వితే ఏం పోయింది? నాకూ నవ్వొచ్చేది."

"నాన్నకి ఏమీ అనిపించేది కాదా?"

సులేమా ముక్కలు తిప్పడం ఆపింది. "మీరంతా వెళ్ళిపోయాక నేను గిన్నెలు కడుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కడే చప్పట్లు కొట్టేవాడు. ఏ వారమూ మానలేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నేను పోయాక నువ్వే కాల్చు, పిల్లలకి చెప్పు అన్నాడు. నోరు రాలేదే. చచ్చినవాణ్ణి చిన్నబుచ్చినట్టుంటుందని."

హిమేనా తల్లిని గట్టిగా పట్టుకుంది. అమ్మ బట్టలకు పొగ వాసన, ఆదివారం నాన్న చొక్కాకు ఉండే వాసనే. ఇన్నాళ్ళూ అమ్మ మీద పెంచుకున్న కోపానికి సిగ్గేసింది. అంతకన్నా, ఇలాంటి ఇద్దరి చేతుల్లో పెరిగినందుకు కడుపు నిండిపోయినట్టనిపించింది.

"నాన్న చిన్నబోడమ్మా. అన్ని ఆదివారాలు నీకు చప్పట్లు కొట్టినవాడు మా దగ్గర ఇంకా పెద్దవాడవుతాడు." అని, ఫోను తీసి తమ్ముడికి చేసింది. "రమీరో, వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి రా. పొయ్యి వెలుగుతుంది."

"ఎవరు కాలుస్తారు, మీ ఆయనా? అయితే ఇంట్లో తినేసే వస్తాం."

సులేమా ఫోను లాక్కుంది. "నేను కాలుస్తాను. ఖాళీ కడుపుతో రా. నీకో సంగతి చెప్పాలి."

అవతల రమీరో మెల్లగా, "వస్తానమ్మా," అన్నాడు.

చెట్టు నీడలో బల్ల వేసుకుని నలుగురూ కూర్చున్నారు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఒతీలియా కళ్ళు మూసుకుంది. పళ్ళేల్లో ఎముకలే మిగిలాయి. నెలిదా వేళ్ళు తుడుచుకుని, "కాల్చినవాళ్ళకి చప్పట్లు," అంది.

అందరికన్నా ముందు సులేమాయే కొట్టింది. అన్నేళ్ళ అలవాటు. కొడుతూ కొడుతూ, నవ్వుతూ, బల్ల చివర ఎవారిస్తో కోసం చూసింది. అక్కడెవరూ లేరు. ఆమె చేతులు ఆగిపోయాయి. మిగతా ముగ్గురూ ఆమె వైపే తిరిగి కొడుతున్నారు. హిమేనా చెంపల మీద కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు ఆపలేదు.