పేరు తీసేసిన ఏడుపు

హనుమకొండ చౌరస్తాలో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ రేడియో స్టూడియోకు కిటికీలు లేవు. బయట ఎండ కాసినా, వాన కురిసినా లోపల ఒకటే మసక, ఒకటే చల్లదనం. చప్పుడు గోడకు తగిలి తిరిగి రాకుండా నాలుగు వైపులా కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు బిగించారు. ముసురు పట్టినప్పుడు వాటి నుంచి తడి నూలు వాసన వస్తుంది. సుభాషిణికి ఆ గదంటే ఇష్టం. అక్కడ తన గొంతు తప్ప ఇంకేమీ ఉండదు.

మధ్యాహ్నాలు రేడియోలో ముచ్చట్లు, సెలవు రోజుల్లో ఫంక్షన్ హాళ్లలో డీజే. ఆమె బతుకు ఆ రెంటి మీదే నడిచింది. డీజే బల్ల వెనక ఆడమనిషిని చూసి మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత, "అక్కా, జర బేస్ పెంచు" అని బతిమాలారు. ల్యాప్‌టాప్‌లో తన బీట్లు తనే కట్టుకునేది. ఈమధ్య అదంతా పలచబడింది. ఇక ప్రోగ్రాములన్నీ హైదరాబాద్ నుంచే వస్తాయని స్టేషన్ వాళ్లు చెప్పేశారు కూడా. అప్పుడే ఆ పాట వచ్చి ఆమెను నిలబెట్టింది.

ఆ పాట తల్లి చావులోంచి పుట్టింది.

ఎండాకాలంలో తల్లి పోయింది. చచ్చిపోయిన మనిషిని కన్నబిడ్డ పేరు పెట్టి పిలిచి, శోకం తీసి ఏడవాలి. వాడకట్టు ఆడవాళ్లంతా సుభాషిణి ముఖం వైపే చూశారు. మాటలమ్ముకుని బతికే మనిషికి ఒక్క మాట రాలేదు. కంట్లో నీటి చుక్క రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయి ఉంది. చివరికి కొత్తవాడ సోమక్క శవం పక్కన కూలబడి శోకం ఎత్తుకుంది. సోమక్క సుభాషిణికి వరసకు అమ్మమ్మ. ఏ ఇంట్లో చావు జరిగినా ఆమె ఏడిస్తేనే ఏడ్చినట్టు. సుభాషిణి తలుపు దగ్గర నిలబడి దాన్ని ఫోన్‌లో రికార్డు చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు.

తర్వాత ఆ గొంతు కింద బీట్ వేసింది.

"పొద్దు గూకకముందే పయనమైతివా..." అని సోమక్క సాగదీసి, తల్లి పేరు పిలిచి, "ఇల్లు మరిచి ఏ దారిన పోతివే" అని దింపుతుంది. పేరుంటే ఇంట్లో వాళ్లు గుర్తుపడతారు. అందుకని పేరు వచ్చిన ప్రతిచోటా కోసేసింది, అసలు రికార్డును కూడా చెరిపేసింది. అక్కడ ఒక ఊపిరి పట్టేంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీయే పాటకు ప్రాణమైంది. బీట్ ఆగగానే ఫంక్షన్ హాళ్లలో ఎగిరేవాళ్లంతా పక్కవాడి పేరు అరిచి పగలబడి నవ్వేవాళ్లు. పాట ఫోను నుంచి ఫోనుకు పాకింది. స్టేషన్ వాళ్లు ఆమెను ఉంచుకున్నారు.

ఆ రోజు రేడియోలో కొత్త ఆట మొదలుపెట్టారు. ఫోన్ చేసినవాళ్ల పేరును పాటలోని ఖాళీలో సుభాషిణే తన నోటితో పలుకుతుంది.

అద్దానికి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీర్ గోపాల్ నవ్వుతూ వేలు ఎత్తాడు. "అక్కా, మొదటి కాల్. మీ ఫ్యానే."

"మమ్మీ! నేనే!"

కూతురు శ్రీలత. సుభాషిణి నవ్వింది. "బడికి డుమ్మా కొట్టి రేడియోకు ఫోన్ చేస్తానవా?"

"జరమొచ్చింది గద. తాత కునుకుతాండు. నా పేరు పెట్టు మమ్మీ."

"జరమొచ్చినోళ్లకు పాటలుండవు, గోళీలుంటయ్."

"మమ్మీ... ప్లీజ్."

పాట మొదలైంది. బీట్ ఆగింది. సుభాషిణి మైకు మీదికి వంగి, అదే రాగంలో, "శ్రీలతా..." అంది. చక్కగా అతికింది. పెట్టె మీద మూత పడ్డట్టు.

పాట అయిపోయింది. ప్రకటనలు పడుతున్నాయి. ఆమె హెడ్‌ఫోన్స్ తీయబోయి ఆగింది.

వాటి లోపల ఎవరో ఊపిరి పీల్చారు.

"పొద్దు గూకకముందే పయనమైతివా... శ్రీలతా..."

సోమక్క గొంతు. బీట్ లేదు. ఉత్త ఏడుపు.

"గోపాల్, పాట ఆపు."

"ఎప్పుడో ఆగిందక్కా. ఇక్కడేం లేదు."

తీగ పీకేసింది. హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టింది. అయినా వినిపిస్తోంది... జంపఖానాల లోపలి నుంచి. తడి నూలు వాసనలో ఇంకేదో కలిసింది. సాంబ్రాణి. పసుపు. వాడిన బంతిపూలు.

"ఇల్లు మరిచి ఏ దారిన పోతివే... శ్రీలతా..."

ఇంటికి ఫోన్ చేసింది. తండ్రి రామలింగం ఎత్తాడు.

"బాపూ, పిల్ల ఏం చేస్తాంది?"

"పండుకుంది. ఇప్పుడే లేపిన బిడ్డా. లేస్తలేదు. చేతులు సల్లగున్నయ్. పక్కింటి పోరడు ఆటో తేను పోయిండు, దవాఖానకు తీస్కపోతం."

ఆమె చేతులు వాటంతట అవే సోమక్క నంబరు నొక్కాయి. ఉన్నదంతా చెప్పింది. తల్లి పేరు తీసేసి పాట కట్టానని, ఇవ్వాళ ఆ జాగాలో బిడ్డ పేరు పెట్టానని.

సోమక్క మధ్యలోనే అందుకుంది.

"ఊర్లోళ్లు అరిస్తే గాలికి పోతది. అది నువ్వు ఏడ్వాల్సిన ఏడుపు. కడుపున పుట్టినదానివి, నీ నోట్లెకెళ్లి ఏ పేరొస్తే అది ఆ పేరునే పట్టుకుంటది. మీ అమ్మ పేరు మీ అమ్మకిచ్చెయ్. గట్టిగ పిలువు."

సుభాషిణి నోరు తెరిచింది. 'అమ్మ' అన్న మాట తప్ప ఇంకేమీ లేదు అక్కడ.

"అమ్మమ్మా... మా అమ్మ పేరేంది?"

"గదేం మాటనే! నీ తల్లి పేరు... గిప్పుడు నోట్లనే ఉండె... నేనే గద ఏడ్చింది..." సోమక్క శోకాన్ని మళ్లీ మొదటి నుంచి గొణిగి చూసింది. "యాదికొస్తలేదు బిడ్డా."

మళ్లీ ఇంటికి చేసింది.

"మీ అమ్మ పేరా?" అన్నాడు రామలింగం. "నేను ఏనాడన్న పేరు పెట్టి పిలిచిన్నా? 'ఏమే' అనేటోణ్ని. ఆగు, బీరువాల ఆధార్ ఉంది..." తలుపు కిర్రుమంది. "ఇగో. అక్షరాలైతే ఉన్నయ్... చదువొస్తలేదేంది..."

అందరికీ ఆమె అక్క, వదిన, పిన్ని, సుభాషిణోళ్ల అమ్మ. పేరు పెట్టి పిలిచింది ఒక్క చచ్చిన రోజే. దాన్ని సుభాషిణి కోసి పారేసింది.

"బిడ్డా... పిల్లకు ఊపిరి అందుతలేదే..."

ఏడుపు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు చెవి పక్కనే. "పొద్దు గూకకముందే..." అని సాగింది. ఇంకొక్క ఊపిరి. ఆ ఖాళీ వస్తుంది. ఏదో ఒక పేరు పడాలి.

భయం కూడా మొద్దుబారింది. ఆ ఖాళీలో ఆమె తన పేరే పెట్టింది.

"సుభాషిణీ..."

ఏడుపు ఆగింది. గది గదంతా చెవి అయినట్టు నిశ్శబ్దం. తర్వాత ఎక్కడి నుంచో, పిలిస్తే పలికినట్టు, మెల్లగా...

"ఆఁ... వస్తున్న."

అద్దానికి అవతల గోపాల్ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. మళ్లీ సౌండ్ మీటర్ల మీదికి వంగాడు.

చేతిలో ఫోన్ ఇంకా కలిసే ఉంది.

"బాపూ... పిల్ల?"

"లేచింది," అన్నాడు రామలింగం. గొంతులో ఎంతో నెమ్మది. "కళ్లు తెరిచి నీళ్లడిగింది. వాళ్లమ్మ తాపుతాంది."

"నేను ఇక్కడున్న గద బాపూ..."

"ఎవరమ్మా మీరు?"

ఆమె నోరు తెరిచింది. రోజూ మైకు దగ్గర అన్నిటికంటే ముందు చెప్పే మాట. వరంగల్ అంతా ఎరిగిన మాట. నాలుక దాని కోసం వెతికింది. రాలేదు. ఏడుపూ రాలేదు.

ఫోన్‌లో, అవతల గదిలో, గ్లాసు కింద పెట్టిన చప్పుడు. గాజుల చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, అక్షరం అక్షరం విడివిడిగా, మైకు ముందు బాగా అలవాటైన గొంతు, తన గొంతే.

"ఎవరు బాపూ ఫోన్ల?"

"ఏమో బిడ్డా," అన్నాడు రామలింగం. "పేరు చెప్తలేదు."