అక్క వైపు మళ్ళిన మెసేజులు

ఆగస్టు పదిహేడు, శనివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. బయట సన్నగా వాన. లోపల ఏసీ రొద, చల్లారిపోయిన టీ వాసన. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు ఇంటర్నెట్‌లో రాసిన మెసేజు సెల్‌ఫోన్లకూ, ఫోన్ల నుంచి వచ్చిన జవాబు మళ్ళీ వాళ్ళకూ, ఒక ఫోను మెసేజు ఇంకో ఫోనుకూ చేరవేసే ఆఫీసది. అక్క అక్కడ ఆరేళ్ళుగా ఆపరేటరు.

దేవుడి దయవల్ల ఆ ఉద్యోగం ఒక్కందుకు అక్కరకొచ్చింది. చెల్లెలు చిట్టి మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికి వచ్చేశాక, వెల్డింగు పని చేసే ఆ మొగుడు రోజుకు పది మెసేజులు పెట్టేవాడు. ‘కాళ్ళు విరగ్గొడతా.’ ‘పుర్రె పగలగొడతా.’ అక్క ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, వాడి నంబరు నుంచి చిట్టికి పోయేవన్నీ తన కంప్యూటరుకు మళ్ళించింది. చిట్టికి ఒక్కటీ చేరలేదు. అన్నీ అక్కే చదివి, అక్కే చెరిపేసి, అన్నం సయించక చిక్కి సగమైంది.

తొమ్మిది రోజుల కిందట వాడు సంచిలో సుత్తి వేసుకుని వీళ్ళింటికే బయల్దేరి, దారిలో లారీ కింద పడి చచ్చాడు. ఫోను నుగ్గునుగ్గయింది. పిడికి ఎర్ర తీగ చుట్టిన ఆ సుత్తి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

“చచ్చినవాడి నంబరుకు ఇంకా కాపలా ఏంటమ్మా?” అన్నాడు సూపర్‌వైజరు. “పైనుంచి మిస్డ్ కాల్ ఇస్తాడా ఏంటి? తీసెయ్.”

అక్కకూ నవ్వొచ్చింది. మళ్ళింపు తీసేసింది.

నాలుగూ పన్నెండుకు తెరమీద ఒక వరుస. వాడి నంబరు. ‘వీధి మొదట్లో ఉన్నా.’ పక్కనే... చిట్టికి అందింది.

పాతదేమో అనుకుంది. టైము చూసింది. ఇప్పటిదే.

‘గేటు తీశా.’ అందింది.

చిట్టికి ఫోను చేసింది. మోగుతోంది... ఎత్తదు. కంప్యూటరులోంచే రాసింది: ‘చిట్టీ, తలుపెయ్యి.’

‘వేశానక్కా. మాట్లాడితే వింటాడు, రాయి. తలుపు బాదుతున్నాడు. చెక్క లేచి అమ్మ నుదురు చీరేసింది. రక్తం ఆగట్లేదు.’

‘ఎవరే?’

‘ఎవరూ కనబడట్లేదు. కాలిన ఇనుము వాసన.’

వాడి నంబరు: ‘ఒక పలక ఊడింది.’ అందింది.

‘అక్కా చెయ్యి లోపలికి’

అంతే. ఆగిపోయింది.

అక్కకు అప్పుడు తట్టింది. తొమ్మిది రోజులు చిట్టి దాకా దారి మూసి ఉంది గనక ఊరుకున్నాడు. తెరిచింది తనే. ఇప్పుడిక లేచాడు, మెసేజు ఎవరికి అందితే వాడు అక్కడికే...

దేవుణ్ణి తలుచుకుంది. మళ్ళింపు తిరిగి పెట్టింది.

‘లోపలికొచ్చా.’

ఈసారి పక్కన చిట్టి నంబరు లేదు. అక్క పేరుంది.

“ఏంటీ కమురు వాసన?” అంటూ సూపర్‌వైజరు లేవబోయాడు.

“కదలకండి సార్,” అంది గుసగుసగా. “నా కోసమే.”

ఏమీ కనబడలేదు. మొదటి దెబ్బకు కీబోర్డు రెండు ముక్కలైంది. రెండోది కుడిచేతి వేళ్ళ మీద. ఎముకలు పటపట విరిగాయి. మూడోది మణికట్టు మీద. నాలుగోది మోచేతి మీద. రక్తం తెరమీదికి చిమ్మింది. పైకి... భుజం మీదికి... మెడ వైపు...

ఎడంచేత్తో బల్లకింద కంప్యూటరు వైర్లు దొరకబుచ్చుకుని ఊడలాగింది.

తెర ఆరిపోయింది. ఐదో దెబ్బ పడలేదు.

ఆదివారం పొద్దున్నే ఇల్లు కడిగారు. చిట్టి మెడమీద ఐదు వేళ్ళ వాతలు, అయినా ప్రాణంతో ఉంది. తన ఫోనులో సిమ్ము తీసి కత్తెరతో ముక్కలు చేసింది. అక్క భుజందాకా పిండికట్టుతో కుర్చీలో కూర్చుంది. ఆదివారం వడ్రంగి రాడని, నుదుటికి కట్టుతో అమ్మే తలుపు పలకలు బిగిస్తోంది. టక్. టక్. టక్.

“ఇదేంటే ఇంత బరువు!” అంది అమ్మ, నోట్లోంచి మేకు తీస్తూ. “ఎప్పుడు కొన్నారు దీన్ని?”

“మనింట్లో సుత్తెక్కడిదమ్మా?” అంది చిట్టి.

“గుమ్మంలో ఉంటేనూ...”

అక్క లేచి వెళ్ళి చూసింది. పిడికి చుట్టిన ఎర్ర తీగ ఇంకా వెచ్చగా ఉంది.