లక్క గాడిలో అమ్మ గొంతు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...! కారుమేఘాలు సూర్యబింబాన్ని కబళించగా వీధి వీధంతా చీకటి కమ్మింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది. పాత గ్రామఫోన్ రికార్డులు శుభ్రం చేసే ఆ ఇరుకు దుకాణం తలుపు దానంతటదే తెరుచుకుంది...!

నల్లని పొడుగు కోటులో మాంత్రికుడు! ఒక చేతిలో కపాలం... మరో చేతిలో చిరిగిన అట్ట కవరు, అందులో ఒక రికార్డు.

"ఈ రికార్డు గాడుల్లో మట్టి పేరుకుని నా మంత్రం నత్తిగా పలుకుతోంది," అన్నాడు. నవ్వొచ్చే మాటే. కానీ ఆ కళ్ల ముందు నవ్వడానికి దుకాణదారుకు ధైర్యం చాలలేదు. మాంత్రికుడు అతని చెవి దగ్గరికి వంగాడు. "దీన్ని శుభ్రం చెయ్యి. నీ చేతులారా చంపుకున్న నీ తల్లి గొంతు నీకు తిరిగి ఇప్పిస్తాను!"

దుకాణదారు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు ఇన్నాళ్లూ!

ఇరవై రెండేళ్ల కిందట... తల్లి పోయాక ఇంట్లో మిగిలింది ఆమె పాడిన ఒకే ఒక్క లక్క రికార్డు. అప్పుడతను పని కొత్తగా నేర్చుకుంటున్నాడు. ప్లాస్టిక్‌తో చేసే వినైల్ రికార్డుల్లాగే దాన్నీ స్పిరిట్‌తో తుడిచాడు. స్పిరిట్ వినైల్‌ను ఏమీ చేయదు... లక్కను మాత్రం కరిగించేస్తుంది! గాడులన్నీ జిగురై వేళ్లకంటుకున్నాయి. భయంతో అబద్ధమాడాడు. అక్క ఎండలో పెట్టి పాడుచేసిందన్నాడు. తండ్రి చనిపోయేదాకా ఆ కూతురితో మాట్లాడలేదు. ఆ అక్కే ఇప్పుడు దుకాణంలో ఓ మూల కూర్చుని, కడిగిన రికార్డులకు కొత్త కవర్లు తొడుగుతోంది. తమ్ముడు ఆమె ముఖంలోకి నేరుగా చూసి ఎన్నేళ్లయిందో!

ఆశ... పాపిష్టి ఆశ! రికార్డు అందుకున్నాడు. గోటితో తట్టగానే లక్కదని తెలిసింది. స్పిరిట్ సీసాను పక్కకు నెట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బు కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తోమాడు. రికార్డులు కడిగే మెషిన్ గొట్టం ఆ మురికినీటిని పీల్చింది. నీరు ఎర్రగా ఉంది... నెత్తురు!

గ్రామఫోన్ మీద పెట్టగానే ముల్లు గాడిలో పడింది. కర్ణకఠోరమైన మంత్రఘోష...! కపాలం కళ్లలో నీలి జ్వాలలు! అక్క జుట్టు విరబోసుకుని కుర్చీలోంచి గాల్లోకి లేచింది. ఆమె నోటివెంట తల్లి గొంతు వినిపించింది.

"నాన్నా... అన్నం తిన్నావా?"

అతను ఇరవై రెండేళ్లు కలవరించిన గొంతు అది!

"మరి మా అక్క...?" అని మాంత్రికుణ్ణి అడిగాడు.

"రికార్డు ఆగేసరికి ఆమె ఉండదు! గొంతు నీకు, దేహం నాకు!" మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు.

అక్కను రెండోసారి బలి ఇస్తున్నాను! ఆ తలపుతో అతని గుండె చెరువైంది. స్పిరిట్ సీసా ఎత్తాడు... చెయ్యి రాయిలా బిగుసుకుపోయింది!

"నీ గుండెలో దాచిన అబద్ధమే నా మంత్రానికి కట్టు! కదలలేవు!"

"అక్కా! రికార్డు పాడుచేసింది నేనే!" అతను గొంతు చించుకుని అరిచాడు. "నేనే స్పిరిట్ రాశాను! నాన్నకి అబద్ధం చెప్పి నీ మీదికి తోసేశాను!"

ఫెళ్లున పిడుగు! కట్టు తెగింది... సీసాలోని స్పిరిట్ అంతా తిరుగుతున్న రికార్డు మీద పడింది. లక్క కుతకుతమని కరిగి అతని వేళ్ల మీదికి చిందింది. "నాన్నా..." అన్న తల్లి గొంతు సాగి, సాగి, ఆగిపోయింది. తన ప్రాణాన్ని కూడా ఆ గాడుల్లోనే బంధించుకున్న మాంత్రికుడు గావుకేక పెట్టి, నల్లని జిగురు ముద్దై నేలకూలాడు! కపాలం పొడి పొడి అయింది.

మబ్బు విడింది. కుర్చీలో వాలిన అక్క కళ్లు తెరిచి, తమ్ముడి చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంది.

"ఆ రోజు కూడా నీ చేతులు ఇదే వాసనొచ్చాయి," అంది.

"నీకు తెలుసా...? మరి నాన్నకి ఎందుకు చెప్పలేదే?"

"నువ్వే చెబుతావనుకున్నాన్రా. నాన్న పోయేదాకా అనుకుంటూనే ఉన్నాను."

అక్క మెత్తని గుడ్డ తీసుకుని అతని వేళ్లకంటిన లక్కను నెమ్మదిగా తుడవసాగింది.