ముందే పడిన టిక్కు

గువ్వ అన్నం తిన్న దగ్గర్నుంచీ నేల మీద బోర్లా పడుకుని ప్లానర్‌కు రంగులు వేస్తోంది. టీచర్ చెప్పినట్టే రోజుకో పేజీ, పనికో గడి. చదువుకు నీలం, ఆటకు పసుపు, 'అమ్మమ్మ కంట్లో మందు' అన్న గడులకు గులాబీ రంగు.

అమ్మమ్మకు నాలుగు రోజుల కిందట కంటి ఆపరేషన్ అయింది. అమ్మ బేకరీలో పనిచేస్తుంది. సెలవు రోజు పన్నెండింటికి, నాలుగింటికి చుక్కలు వేసే బాధ్యత గువ్వదే. చెంప తుడవడానికి అమ్మ పొద్దున్నే రెండు దూది ముక్కలు పళ్లెంలో పెట్టి వెళ్లింది.

అసలు విషయం ఏమిటంటే, గువ్వ ఇవాళ్టి గడులన్నింటికీ పొద్దున్నే ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టేసింది. రేపు టీచర్‌కు చూపించాలి కదా, ఖాళీ గడులుంటే పేజీ బోసిగా ఉంటుందని దాని బెంగ. ఎలాగూ చేసే పనులే కదా అనుకుంది.

నాలుగున్నరకు అమ్మమ్మ కునుకు తీసి లేచింది.

"మందు వేశావా తల్లీ? నిద్రమత్తులో నాకేం గుర్తులేదు" అంది.

వచ్చే వారం పేజీలకు అంచులు గీస్తున్న గువ్వ, కాగితాలు వెనక్కి తిప్పి చూసింది. టిక్కు ఉంది.

"వేశానమ్మమ్మా."

అబద్ధం చెప్పాలని కాదు. తను పెట్టిన టిక్కును తనే నమ్మేసింది, పిచ్చిపిల్ల!

ఆరింటికి అమ్మ వచ్చేసరికి అమ్మమ్మ కన్ను ఎర్రబడి నీరు కారుతోంది. అమ్మ ప్లానర్ చూసింది. మందు వేసినా ఇలా అయిందంటే ఆ మందు పడటం లేదేమోనని కంగారుపడి, చెప్పులు కూడా విప్పకుండా ఆసుపత్రికి బయల్దేరమంది. మళ్లీ ఆపరేషన్ అంటారేమోనని అమ్మమ్మ భయపడింది. తడుముకుంటూ గువ్వ చేయి పట్టుకుంది.

అప్పుడు గువ్వ చూపు పళ్లెం మీద పడింది. ఒక దూది ముక్క అలాగే ఉంది. పన్నెండింటికి వాడింది ఒక్కటే.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అమ్మమ్మ ఇంకా తన చేయి వదల్లేదు.

"అమ్మా, నాలుగింటికి మందు వేయలేదు. టిక్కు పొద్దున్నే పెట్టేశాను" అంది గువ్వ.

అమ్మ ఒక్క క్షణం దాని వంకే చూసింది. చెప్పులు విప్పింది. చేతులు కడుక్కొచ్చి చుక్కలు వేసి, డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఇప్పటికి భయం లేదనీ, ఇంకోసారి మానొద్దనీ, పొద్దుటికి తగ్గకపోతే తీసుకురమ్మనీ ఆయన చెప్పాడు.

మూల కూర్చుని వెక్కుతున్న గువ్వను అమ్మమ్మ దగ్గరకు లాక్కుంది.

"ఇలా ఏడిస్తే నీ కంట్లోనూ చుక్కలు వేయాల్సొస్తుందే" అంది.

గువ్వకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

పడుకునే ముందు వేయాల్సిన చుక్కలు గువ్వే వేసింది. ఈసారి పెన్ను తను పట్టుకోలేదు. నాలుగింటి టిక్కు మీద, పడుకునే ముందు మందుకు పెట్టిన టిక్కు మీద తెల్ల కాగితం ముక్కలు అంటించి, పెన్ను అమ్మమ్మ చేతికిచ్చింది.

"మందు పడ్డాక నువ్వే పెట్టు అమ్మమ్మా."

అమ్మమ్మ ఒంటికంటితో చూస్తూ టిక్కు పెట్టింది. అది వంకర తిరిగి, గడి దాటి, పక్కనున్న పసుపు రంగులోకి పోయింది. నాలుగింటి గడి ఖాళీగానే ఉంది.

గువ్వ ఆ పేజీని అలాగే, టీచర్‌కు చూపించడానికి బడి సంచిలో పెట్టుకుంది.