పదిహేడో బన్ను

"నాన్న ఇంట్లో లేరు," అంది ఆమె తలుపు సగమే తీసి.

లోపల్నుంచి నాన్న దగ్గాడు.

"దగ్గు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లినట్టున్నారు," అన్నాడు బేకరీ అబ్బాయి. అతని చేతిలో కాగితం పొట్లం ఇంకా వేడిగా ఉంది. "ఇది పదహారోది. అంకుల్‌ని ఒక్క ముక్క రుచి చూడమను, వెళ్లిపోతాను."

"ఇక నుంచి మీ నాన్న అబద్ధాలకోరని ఒప్పుకుంటేనే పొట్లం గడప దాటాలట."

"మా నాన్న షరతూ అదే. కాకపోతే మీ నాన్న గురించి."

ఆ ఇద్దరు నాన్నలూ మూడో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. లెక్కల్లో వచ్చిన మార్కుల్ని బట్టి ఆమె తండ్రికి సున్నా అని, ఎత్తుని బట్టి అతని తండ్రికి ముప్పావు అని అప్పుడు పడిన పేర్లు యాభై ఏళ్లయినా ఊడలేదు. బడి ఎదురుగా ఒక బేకరీ ఉండేది. రోజూ ఒక బన్ను, ఇద్దరికీ చెరి సగం. బేకరీ పోయింది, బడి పోయింది, ఆ రుచి మాత్రం ఇద్దరి నాలుకల మీదా ఉండిపోయింది.

ఊరు వదిలే ముందు ఆ బన్ను ఒక్కసారి చేసి పెడదామని, అదెలా ఉండేదని ముప్పావు కొడుకు అడిగాడు. అదే కొంప ముంచింది. పైన చక్కెర పలుకులతో దూదిలా ఉండేదని సున్నా అన్నాడు. గట్టిగా, కాస్త చేదుగా ఉండేదని ముప్పావు అన్నాడు. పెళ్లిళ్లనీ చావులనీ ఆపరేషన్లనీ కలిసి దాటిన స్నేహం, బన్ను దగ్గర బోల్తా కొట్టింది. మూడు వారాలుగా మాటల్లేవు.

నెలాఖరుకి ఇంక పది రోజులు. వేరే ఊళ్లో పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చింది కనుక బేకరీ అబ్బాయి తండ్రిని తీసుకుని వెళ్లిపోతాడు. మనుషులు తీరిగ్గా రాజీ పడతారు గానీ, బస్సులు మాత్రం టైముకే కదులుతాయి. తండ్రులు ఇలా ముఖాలు తిప్పుకునే విడిపోతే, ఇక అతను ఈ గుమ్మం ఎక్కడానికి సాకు ఏముంటుంది? తన బెంగంతా నాన్న గురించేనని ఆమె రోజూ తనకి తాను చెప్పుకుంటోంది.

నిజానికి అతను చిన్నప్పట్నుంచి ఆమె తండ్రిని బాబాయ్ అనేవాడు. కిందటేడు ఉన్నట్టుండి అంకుల్‌లోకి దిగాడు. బాబాయ్ కూతురైతే చెల్లెలవుతుంది మరి. ఆ మార్పు ఆమె గమనించింది. గమనించనట్టు కనబడటానికే ఏడాదిగా నానా తంటాలూ పడుతోంది.

ఆమె ఉద్యోగం కంటి క్లినిక్‌లో. మర్నాడు ఇద్దరు తండ్రుల్నీ ఒకే టైముకి పరీక్షకి రమ్మంది. రెండోవాడి సంగతి ఏ ఒక్కడికీ చెప్పలేదు.

"అమ్మా, చూపు బాగా మందగించింది," అన్నాడు సున్నా వస్తూనే. "ఆ బెంచీ మీద ఎవరో ఉన్నట్టున్నారు. ఎవరో ఆనడం లేదు."

"నాకు అటు పక్క అసలేమీ ఆనడం లేదు, రాసుకో," అన్నాడు ముప్పావు.

ఆమె ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి కళ్లలో చుక్కలు వేసింది. "అరగంట కళ్లు తెరవకూడదు. లేవకూడదు."

అంతలో ఆమె రమ్మన్న బేకరీ అబ్బాయి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "పదిహేడోది. పైన చక్కెర బాగానే నిలిచింది గానీ, అడుగు మాడిపోయింది."

"పొయ్యి దగ్గర ఏం ఆలోచిస్తున్నావు?"

"ఏం లేదు," అన్నాడు గోడ మీది అక్షరాల చార్టుని చూస్తూ.

మాడితే మాడిందని ఆమె బన్నుని ముప్పావు చేతిలో పెట్టింది. అతని వేళ్లు దాన్ని తడిమాయి. బొటనవేళ్లు పక్కనుంచి లోపలికి దిగాయి. రొట్టెని అడ్డంగా, పై పొర, కింది పొరగా విడదీసి, పై పొరని ఎడమవైపుకి చాపాడు. అక్కడ ఒక చెయ్యి అడక్కుండానే కాచుకుని ఉంది.

అంతకుముందు పదహారు బన్నుల్నీ బేకరీ అబ్బాయి కత్తితో నిలువుగా, సమంగా కోసి ఇద్దరి దగ్గరికీ తీసుకెళ్లాడు. చదువుకున్న పనివాడు కదా.

"ఇదే. చక్కెర," అన్నాడు సున్నా.

"ఇదేరా. చేదు," అన్నాడు ముప్పావు.

ఇద్దరూ నమలడం ఆపారు.

"నీ ముక్క ఇలా ఇవ్వు." సున్నా దాన్ని కొరికి చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "రోజూ ఇదేనా నువ్వు తిన్నది?"

"నిలువుగా తుంచితే చక్కెర రాలిపోయేదిరా."

"పైది ఎప్పుడూ నాకే ఎందుకిచ్చావు?"

"ఆ ఏడాదే కదా మీ అమ్మ పోయింది. తీపి తగిలితే ఏడుపు ఆపేవాడివి," అన్నాడు ముప్పావు. "తర్వాత అలవాటైపోయింది. మాడు లేకపోతే నాకే సయించేది కాదు."

"యాభై ఏళ్లు చెప్పకుండా ఎలా ఉన్నావురా, గాడిదా?"

"నువ్వు అడగలేదు."

సున్నా మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు కారాయి. "మందు మండుతోందమ్మా," అన్నాడు. ఆ మందు ఇంతసేపు మండదని ఆమెకి తెలుసు.

కానీ ఆమె అప్పటికి నాన్నని చూడటం లేదు. యాభై ఏళ్లు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తనకి అంత ఓపిక లేదు. బేకరీ అబ్బాయి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"ఆ ఉద్యోగం ఇష్టమేనా నీకు?"

"జీతం ఇష్టం."

"వెళ్లొద్దు."

"ఎందుకు?"

"నువ్వు వెళ్లిపోతే నాకు తోచదు. తోచకపోవడం చిన్న మాట. నాకు భయం."

అతను చార్టు మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు. "వారానికి ఐదారు బన్నులు కాల్చి మీ గుమ్మానికి మోశాను. అంతా మీ నాన్న కోసమే అనుకున్నావా?"

"లేదు. అనుకున్నట్టు ఉన్నానంతే."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చేతికి పిండి అంటింది.

"చుక్కలు మా కళ్లలో వేశావమ్మా, చెవుల్లో కాదు," అన్నాడు సున్నా.

ఆమె చెయ్యి లాక్కోబోయింది. అతను వదల్లేదు.

"ఒరే, ఆ హోటల్ వాళ్లకి రాలేనని ఫోన్ చెయ్యి," అన్నాడు ముప్పావు. "మేం కళ్లు తెరిచేలోపే చెయ్యి. తర్వాత మేం పెద్దవాళ్లమై కూర్చుని ఆలోచించాల్సి వస్తుంది."

"ఆలోచించడానికేముందిరా," అన్నాడు సున్నా. "ఇంతకీ ఎంతసేపైంది తల్లీ?"

అరగంట దాటి పది నిమిషాలైంది. ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"ఇంకాస్త ఉంది నాన్నా," అంది.